షిఫ్టు దిగాక సంఘం పని

ప్రశ్న: మాది జీడిమెట్లలో మందుల తయారీ యూనిట్. పర్మినెంటు, కాంట్రాక్టు కలిపి మూడొందల మందిమి ఉంటాం. పన్నెండు గంటల షిఫ్టు, రానూపోనూ ఇంకో రెండు గంటలు. ఓవర్‌టైం లెక్క ఎవరికీ చెప్పరు. అడిగినవాళ్లను వేరే సెక్షన్‌కు మారుస్తారు. యూనియన్ పెట్టాలని మా నలుగురికీ ఉంది. తీరిక లేదు, ఉద్యోగం పోతుందన్న భయం కూడా ఉంది. నాకు ఒక రాజకీయ పార్టీ అంటే అభిమానం. అందులో చేరితే కంపెనీ అడ్డుపడొచ్చా? ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

జవాబు: సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణం మీకిచ్చింది. దానికి యాజమాన్యం అనుమతి అక్కర్లేదు, హెచ్‌ఆర్‌కు ముందుగా చెప్పాల్సిన పనీ లేదు. సంఘాల నమోదు ఇంతకాలం 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం కింద జరిగేది. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. 1926 చట్టం, 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం మూడూ ఇందులో కలిసిపోయాయి. కాబట్టి పాత కరపత్రాలు చూసి అడుగు వేయకండి. సెక్షన్ల నంబర్లు మారాయి, కొన్ని గడువులు తగ్గాయి.

కొత్త కోడ్ ప్రకారం నమోదు దరఖాస్తు మీద కనీసం ఏడుగురు సభ్యులు సంతకాలు పెట్టాలి. అయితే ఏడుగురితోనే పని అయిపోదు. దరఖాస్తు పెట్టే రోజుకు ఆ సంస్థలోని కార్మికుల్లో పది శాతం గానీ, వంద మంది గానీ, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుగా ఉండాలి. మీ లెక్కన మూడొందల మందికి ముప్ఫై మంది. ఇప్పుడు నలుగురున్నారు. ఒక్కొక్కరు నెలకు ఇద్దరితో నమ్మకంగా మాట్లాడగలిగితే నాలుగు నెలల్లో ఆ సంఖ్య దాటుతుంది. దీనికి రోజుకో మీటింగు అవసరం లేదు. కంపెనీ బస్సులో పక్క సీటు, క్యాంటీన్‌లో పది నిమిషాలు, ఆదివారం ఒకరింట్లో గంటసేపు చాలు. ఫ్యాక్టరీ ఆవరణలో మాత్రం మీటింగు పెట్టకండి. యజమాని స్థలంలో సభలు పెట్టుకునే హక్కు ఉద్యోగులకు లేదని సుప్రీంకోర్టు 1969లో రైల్వే బోర్డు కేసులో తేల్చి చెప్పింది. సొంత ఇంట్లో, అద్దె గదిలో కూర్చుంటే ఆ ఇబ్బంది లేదు. రోడ్డు మీద ఊరేగింపో ధర్నానో అయితే పోలీసు అనుమతి తీసుకోండి.

మొదటి నెలల్లో అందరికీ తగిలే సమస్యను ఒక్కదాన్నే పట్టుకోండి. మీ దగ్గర అది ఓవర్‌టైం. అదనపు గంటలకు రెట్టింపు వేతనం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. కాబట్టి మీరు కొత్తగా కోరుతున్నది ఏమీ లేదు, రావాల్సింది అడుగుతున్నారు. ఒక చిన్న పుస్తకంలో రోజూ షిఫ్టులోకి వెళ్లిన సమయం, బయటికి వచ్చిన సమయం రాసుకోండి. పదిమందీ ఇలా రాసుకుంటే రెండు నెలల్లో మీ దగ్గర మాటల స్థానంలో లెక్క ఉంటుంది. కార్మిక అధికారి ముందు అన్యాయం జరుగుతోందని వంద సార్లు చెప్పినదాని కన్నా ఆ లెక్క ఎక్కువ పని చేస్తుంది.

యూనియన్ నమోదయ్యే దాకా ఆగనవసరం లేని మార్గం ఇంకొకటి ఉంది. చాలామంది దాన్ని వాడుకోరు. ఇరవై మంది గానీ అంతకు మించి గానీ కార్మికులున్న ప్రతి సంస్థలోనూ ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యాజమాన్యం వాళ్లూ కార్మికులూ సమానంగా ఉంటారు, మొత్తం పదిమందికి మించరు. సంస్థలో ఆడవాళ్లు ఎంత నిష్పత్తిలో ఉన్నారో కనీసం అంత నిష్పత్తిలో కమిటీలోనూ ఉండాలి. సమస్య తలెత్తిన ఏడాదిలోపు ఏ కార్మికుడైనా దీనికి ఫిర్యాదు ఇవ్వొచ్చు. ముప్ఫై రోజుల్లో కమిటీ విచారణ ముగించాలి. న్యాయం జరగకపోతే అరవై రోజుల్లోపు రాజీ అధికారి దగ్గరికి వెళ్లొచ్చు, కానీ అది యూనియన్ ద్వారానే. మీకు యూనియన్ ఎందుకు కావాలో ఈ ఒక్క నిబంధనతోనే తోటివాళ్లకు చెప్పొచ్చు. మీ యూనిట్‌లో కమిటీ ఉందా అని రాతపూర్వకంగా అడగండి. లేకపోతే కమిటీ వేయాలన్నదే మీ మొదటి డిమాండు చేసుకోండి.

ఇక మీ భయం సంగతి. అది అకారణం కాదు. యూనియన్ పెడుతున్నారని ఉద్యోగం తీసేయడం, తీసేస్తామని బెదిరించడం, యాజమాన్య విధానం పేరుతో కక్షగట్టి బదిలీ చేయడం, సంఘాన్ని దెబ్బతీయడానికి సరిగ్గా ఆ సమయంలోనే కొందరికి జీతాలు పెంచడం, యాజమాన్యమే ఒక సంఘాన్ని నిలబెట్టడం, ఇవన్నీ అనుచిత కార్మిక విధానాలని కోడ్ రెండో షెడ్యూలు పేర్కొంది. వీటికి పది వేల నుంచి రెండు లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. అయినా జరిమానా వల్ల పోయిన ఉద్యోగం తిరిగి రాదు. ఉద్యోగం కోసం విడిగా కేసు నడపాలి, దానికి ఏళ్లు పట్టొచ్చు. అందుకే రుజువులు ముందే పోగేసుకోమంటున్నాను. అపాయింట్‌మెంట్ ఆర్డరు, గుర్తింపు కార్డు, జీతం స్లిప్పులు, పీఎఫ్ పాసుబుక్కు, ఈఎస్‌ఐ కార్డు, వీటి నకళ్లు ప్రతి సభ్యుడూ ఇంట్లో పెట్టుకోవాలి. కాంట్రాక్టు కార్మికులు మరీ జాగ్రత్తపడాలి. వాళ్ల విషయంలో మనిషి ఇక్కడ పని చేశాడన్నదే వివాదమవుతుంది.

షోకాజ్ నోటీసు వస్తే గడువులోపు రాతపూర్వకంగా జవాబివ్వండి, ఆ జవాబు అందినట్టు సంతకం తీసుకోండి. సంతకం పెట్టకపోతే స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి. ఖాళీ కాగితం మీద, రాజీనామా పత్రం మీద ఎంత ఒత్తిడి తెచ్చినా సంతకం చేయొద్దు. బలవంతంగా చేయిస్తే ఆ రోజే ఆ సంగతి రాసి యాజమాన్యానికీ కార్మిక శాఖకూ పంపండి. వారం తర్వాత చెబితే ఎవరూ నమ్మరు. వాట్సాప్ గ్రూపులో సూపర్‌వైజర్‌ను తిట్టకండి. స్క్రీన్‌షాట్ యాజమాన్యానికి చేరడానికి ఎంతో సేపు పట్టదు, క్రమశిక్షణ చర్యకు అదే సాకవుతుంది. ఉద్యోగం తీసేస్తే రాజీ అధికారికి దరఖాస్తు ఇచ్చిన 45 రోజులకూ తేలకపోతే మీరే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. తీసేసిన నాటి నుంచి రెండేళ్లు దాటనివ్వకండి. ఇదివరకు మూడేళ్ల గడువుండేది.

సంఘం నమోదయ్యాక ఆలస్యం చేయకుండా చేయాల్సిన పని ఒకటుంది. కార్యవర్గ సభ్యుల పేర్లు యాజమాన్యానికి రాసి, వాళ్లను రక్షిత కార్మికులుగా గుర్తించమని కోరండి. మొత్తం కార్మికుల్లో ఒక శాతం, కనీసం ఐదుగురు, గరిష్ఠంగా వంద మందికి ఈ గుర్తింపు ఉంటుంది. వివాదం విచారణలో ఉన్నంతకాలం సంబంధిత అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా వీళ్లను తొలగించడం కుదరదు.

నమోదు కాగితానికి ఇంత విలువ ఎక్కణ్నుంచి వచ్చిందో కొంచెం చెప్పాలి. 1918 ఏప్రిల్‌లో బి.పి. వాడియా నాయకత్వాన మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది. బకింగ్‌హాం, కర్నాటక్ మిల్లుల యాజమాన్యం ఆ నాయకుల మీద హైకోర్టుకెళ్లి నిషేధ ఉత్తర్వు తెచ్చింది, నష్టపరిహారం అడిగింది. కార్మికులను కూడగట్టడమే అప్పుడు నేరంలా అయిపోయింది. ఆ దెబ్బ తర్వాత ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో పట్టుబట్టగా 1926 చట్టం వచ్చింది. నమోదైన యూనియన్ చట్టబద్ధంగా చేసే కార్యకలాపాలకు నేరపూరిత కుట్ర కేసుల నుంచి, సివిల్ దావాల నుంచి రక్షణ ఆ చట్టంతోనే మొదలైంది. కొత్త కోడ్‌లోనూ ఆ రక్షణ ఉంది.

తీరిక లేదన్నారు కదా, పని పంచుకోండి. ఒకరు సభ్యత్వ రశీదులు, ఒకరు మినిట్స్ పుస్తకం, ఒకరు పైసల లెక్క చూడండి. ఎంత చిన్న మొత్తమైనా రశీదు లేకుండా తీసుకోవద్దు. పైసల దగ్గర అనుమానం పుట్టిన సంఘాన్ని నిలబెట్టడం చాలా కష్టం. కార్యాలయాల చుట్టూ తిరిగే పనికి బయటివాళ్ల సాయం తీసుకోవచ్చు. కార్యవర్గంలో మూడో వంతు గానీ ఐదుగురు గానీ, ఏది తక్కువైతే అంతమంది బయటివాళ్లు ఉండటానికి చట్టం ఒప్పుకుంటుంది. రిటైరైన కార్మికులు, ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ, బీఎంఎస్, సీఐటీయూ లాంటి కేంద్ర సంఘాల పూర్తికాలం కార్యకర్తలు ఇందుకు పనికొస్తారు. ఏ సంఘానికి అనుబంధం కావాలో, అసలు కావాలో వద్దో సభ్యులు తీర్మానం చేసి నిర్ణయించాలి. నలుగురు నాయకులే తేల్చేస్తే సంఘం మొదట్లోనే చీలుతుంది.

సమ్మె గురించి మీరు అడగలేదు గానీ ఒక హెచ్చరిక చేస్తాను. పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇవ్వకుండా సమ్మె చేస్తే అది చట్టవిరుద్ధం. సగం మంది కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవు పెట్టినా కోడ్ దాన్ని సమ్మెగానే లెక్కిస్తుంది. చట్టవిరుద్ధ సమ్మెలో పాల్గొన్న కార్మికుడికి పది వేల దాకా జరిమానా గానీ, నెల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. సంఘం నమోదు కాకముందే ఆవేశంతో పని ఆపేయకండి.

రాజకీయ పార్టీ మాటకొస్తే, ప్రైవేటు కంపెనీ కార్మికుడు పార్టీలో చేరకూడదని ఏ చట్టమూ చెప్పడం లేదు. ఆ నిషేధం ప్రవర్తనా నియమాల ద్వారా ప్రభుత్వోద్యోగులకు ఉంది. మీ ప్రచారం మాత్రం పని వేళల్లో, ఫ్యాక్టరీ లోపల వద్దు. పోలింగు రోజు జీతంతో కూడిన సెలవు మీ హక్కు, ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ చూడండి. సంఘం రాజకీయ నిధి పెట్టుకోవాలంటే దాన్ని విడిగా వసూలు చేయాలి. ఆ నిధికి చందా ఇవ్వని సభ్యుణ్ణి బలవంతం చేయరాదు, సంఘం ఇచ్చే ప్రయోజనాలేవీ అతనికి ఆపరాదు. మీ తోటివాళ్లలో అన్ని పార్టీల వాళ్లూ ఉంటారు. ఓవర్‌టైం బాకీ మాత్రం అందరికీ ఒకటే, కాబట్టి సంఘం సమావేశంలో ముందు దాని గురించే మాట్లాడండి.

లాయరు ఫీజు గురించి బెంగ పెట్టుకోకండి. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం పారిశ్రామిక కార్మికుడికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వొచ్చు. వెళ్లే తీరిక లేకపోతే 15100కు ఫోన్ చేయండి.