పాత లాంచీ గదికి మరమ్మతు

ప్రశ్న: భీమునిపట్నంలో కొన్న పాత కొయ్యలాంచీని తాటిపూడి జలాశయంలో నడపదలచితిని. లోపలి గదిలోని టేకు పలకలు నల్లబడి, వార్నిషు పొరలుగా ఊడిపోవుచున్నది. వెంటనే క్రొత్తపూత వేయించవచ్చునా?
– ఒక పాఠకుడు, శృంగవరపుకోట

జవాబు: పూతకు తొందరపడకుడు. కొయ్యకు సముద్రపు ఉప్పునీటికంటె వాననీరే ప్రబలశత్రువు. పైకప్పు అతుకులనుండియు, కిటికీ చట్రములనుండియు దిగిన నీరు పలకల వెనుక నిలిచి, కొయ్యలోని తేమ నూటికి 20 పాళ్ళు దాటినచో, శిలీంధ్రములు విజృంభించి దానిని లోలోన గుల్లచేయును. కావున మొదట పైకప్పుమీద నీరు పోయించి, కారు చోట్లను కనిపెట్టి మూయింపుడు.

పలకలను విప్పునపుడు ప్రతిదాని వెనుక పెన్సిలుతో సంఖ్య వేసికొనుడు. స్క్రూడ్రైవరు మొనతో, ముఖ్యముగా అడుగంచులను, పొడిచి చూడుడు: గట్టిగా ఎదిరించినచో నలుపు పైమరక మాత్రమే, మెత్తగా దిగినచో గట్టికొయ్య తగులువరకు కోసివేసి, పోగు దిశ కలియునట్లు క్రొత్త టేకు నతుకవలయును. టేకులో సహజతైల ముండుటచే, కిటికీలు తెరచియుంచి అసిటోనుతో తుడిచిన పిమ్మటనే జిగురు పూయవలెను. తుప్పుపట్టిన ఇనుప మరమేకులు కొయ్యను నల్లబరచును గనుక, లోపలిపనికి ఇత్తడివి వాడుడు.

పిదప పోగు వెంబడి 120, ఆపైన 220 నంబరు ఉప్పుకాగితముతో రుద్ది, తొలిపూతను పలుచన చేసి, పూతపూతకు నడుమ తేలికగా రుద్దుచు ఐదారు పూతలు వేయింపుడు. వర్షాకాలపు చెమ్మలో పూసిన వార్నిషు మసకబారును, పొడిదినములకై వేచియుండుడు. గదితలుపులకు పైనను క్రిందను గాలిరంధ్రములు పెట్టించుట మరువకుడు.