మనస్సుకూ వైద్యం ఉంది



జ్వరం మూడు రోజులు తగ్గకపోతే డాక్టరు దగ్గరకు పరుగెత్తుతాం. మనస్సు మూడు నెలలుగా కుంగిపోయి ఉన్నా "నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది" అని దాచుకుంటాం. రొయ్యల చెరువులో నష్టపోయి దేవాలయానికి రావడం మానేసిన రేపల్లె రైతును ఊహించుకోండి. రెండు మార్కులు తగ్గాయని అన్నం మానేసిన తెనాలి విద్యార్థినిని, ఇంట్లో చిన్న లోపం కనిపించినా తనను తానే తిట్టుకునే బాపట్ల తల్లిని తలచుకోండి. వీరు భక్తి లేనివారు కారు, సోమరులూ కారు.

2015-16లో నిమ్‌హాన్స్ జరిపిన జాతీయ సర్వే ప్రకారం, మన దేశంలో పెద్దవారిలో సుమారు 20 మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్‌కు లోనైనవారే. రెండు వారాలకు మించి దిగులు వదలకపోయినా, నిద్ర, ఆకలి, పనిమీద ఆసక్తి పోయినా దానిని వ్యాధిగా గుర్తించాలి.

సైకోథెరపీ అంటే ఏమిటి? అది ఉత్త ఓదార్పు కాదు. 1960లలో అమెరికా వైద్యుడు ఆరన్ బెక్ ఒక సంగతి గమనించారు. కుంగినవారి మనస్సులో "నేను పనికిరాను" వంటి తలంపులు వాటంతట అవే వస్తుంటాయి, వారు వాటిని విచారించకుండానే నమ్ముతారు. చికిత్సకుడు ఆ తలంపును రోగితో కలిసి పరీక్షిస్తాడు: "దీనికి రుజువేమిటి? ఇదే కష్టం నీ స్నేహితుడికి వస్తే అతనితో ఏమంటావు?" మానేసిన చిన్న చిన్న పనులను తిరిగి మొదలుపెట్టిస్తాడు. సిగ్గు చీకటిలోనే పెరుగుతుంది. తీర్పు తీర్చని మనిషి ముందు నోరు విప్పితే దాని బలం తగ్గుతుంది. అన్నీ లోపం లేకుండా ఉండాలని తపించేవారికి ఒక పనిని "ఇంత చాలు" అని వదిలిపెట్టడం అభ్యాసం చేయిస్తారు. ఏ ప్రళయమూ రాలేదని వారే తెలుసుకుంటారు.

పునీత లొయోలా ఇన్యాసివారు 1522లో మన్రేసాలో ఇటువంటి వేదననే అనుభవించారు. చెప్పిన పాపాలనే మళ్ళీ మళ్ళీ సంకీర్తనం చేసినా శాంతి దొరకలేదు, ప్రాణం తీసుకోవాలన్న శోధన కూడా కలిగింది. చివరకు పాత పాపాలను ఇక తిరిగి చెప్పకూడదని నిశ్చయించుకున్నప్పుడు విడుదల పొందారు. పాపసంకీర్తనం దేవుని క్షమాపణనిస్తుంది. క్షమాపణ దొరికినా నమ్మలేని మనస్సుకు చికిత్స కావాలి. ఒకటి మరొకదానికి పోటీ కాదు. వ్యాధి తీవ్రమైతే మందులు కూడా అవసరమే.

తల్లిదండ్రులారా, "ప్రార్థన చేసుకో, అదే పోతుంది" అని సరిపెట్టకండి. ప్రార్థించండి, వెంటబెట్టుకుని వైద్యుని దగ్గరకూ వెళ్ళండి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2022లో ప్రారంభమైన టెలీమానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. "చచ్చిపోవాలని ఉంది" అని ఎవరైనా అంటే తేలికగా తీసుకోకండి, ఒంటరిగా వదలకండి. ఆ రోజే సహాయం కోరండి.