ఫ్యూజు ఎందుకు పోలేదు?

(బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి)

మా ఇంటికి కరెంటు వచ్చింది 1968లో. గోదావరి డెల్టాలో కాలవ గట్టు మీద ఊరు మాది. మా ముత్తాత కట్టించిన మండువా లోగిలికి ఆ ఏడు సంక్రాంతి ముందు నాలుగు బల్బులు పెట్టారట. వాటిని చూడడానికి పక్క వీధి వాళ్ళు కూడా వచ్చి అరుగుల మీద కూర్చున్నారని తాతయ్య ఇప్పటికీ చెబుతారు. టేకు చెక్క బద్దీల మీద, రేకు క్లిప్పుల కింద నడిచే ఆ నల్లటి రబ్బరు వైర్లు 2024 దాకా అలాగే ఉన్నాయి. వాటిని ఎందుకు పీకించామో, పీకించేటప్పుడు నేను ఏమి నేర్చుకున్నానో చెప్పడమే ఈ వ్యాసము. మన కాలేజీలో నా వంటి పాత ఇళ్ళ వాళ్ళు చాలామంది ఉన్నారు గనుక ఇది వాళ్ళకు పనికివస్తుందని ఆశ.

2022 ఆగస్టులో ముసురు పట్టిన ఒక రాత్రి మా పశువుల పాకలో పాడిగేదె చచ్చిపోయింది. తెల్లవారుజామున మామ్మ పాలు పితకడానికి చెంబు పట్టుకుని వెళ్ళి, అది పడి ఉండడం చూసి, పురుగు ముట్టిందేమో అనుకుని గొలుసు విప్పబోయింది. వెనకాలే వస్తున్న నాన్నకు పక్కనున్న దూడ తీరు చూసి అనుమానం వచ్చింది. అది గుంజకు వీలైనంత దూరంగా తాడు లాక్కుని వణుకుతూ నిలబడి ఉంది. "ముట్టుకోకమ్మా!" అని నాన్న అరిచిన అరుపుకు ఇంట్లో అందరం లేచాం. మామ్మ చేతికీ గొలుసుకూ మధ్య జానెడు దూరం కూడా లేదు.

మెయిన్ ఆపి, తెల్లారాక చూస్తే సంగతి తెలిసింది. పాకలో బల్బుకు పోయే వైరును ఎవరో ఎప్పుడో ఇనుప పైపు గుంజకు కట్టారు. రబ్బరు ఎండి, పగిలి, లోపలి తీగ పైపుకు తగులుతోంది. గేదె గొలుసు ఆ పైపుకే ఉంది. కింద నేలంతా వాననీళ్ళు, పేడ, పంచితము. పశువుకు కాళ్ళు నాలుగూ తడి నేల మీదే ఉంటాయి. పైగా మనిషిని చంపేదానికంటే తక్కువ వోల్టేజీ దానికి చాలును.

నాన్న మెయిన్ బోర్డు దగ్గరకు వెళ్ళి పింగాణీ ఫ్యూజు ఊడబెరికి చూశారు. తీగ చెక్కుచెదరలేదు. "షాకు కొడితే ఫీజు పోవాలి కదరా? ఇదెందుకు పోలేదు?" అని నన్ను అడిగారు. అప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరం. ఓమ్ నియమము నాకు నోటికి వచ్చు. అయినా జవాబు చెప్పలేకపోయాను. డిగ్రీలో చేరాక, ప్రయోగశాలలో చేతులు కాల్చుకున్నాక, దాని జవాబు తెలిసింది.

లెక్క చూడండి. మన ఊళ్ళలో వీధి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర న్యూట్రల్‌ను భూమిలో కలుపుతారు. మన ఇంట్లో లీకైన కరెంటు భూమి గుండా నడిచి ఆ ట్రాన్స్‌ఫార్మరుకు తిరిగి చేరాలి. మా ఇనుప గుంజ భూమిలో మూరెడు లోతున పాతి ఉంది. అటువంటి గుంజకూ భూమికీ మధ్య నిరోధము 50 ఓములనుకుందాం, ట్రాన్స్‌ఫార్మరు వైపు 5 ఓములు. 230 వోల్టులను 55తో భాగిస్తే సుమారు 4.2 ఆంపియర్లు. అంటే ఒక ఇస్తిరిపెట్టె తీసుకునేంత కరెంటు. దానికి 5 ఆంపియర్ల సరైన ఫ్యూజు తీగ కూడా కరగదు. మా ఇంట్లో ఉన్నది సరైన తీగ కూడా కాదు. ఎప్పుడో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని పాత వైరులోంచి రాగి పీచులు నాలుగు తీసి మెలిపెట్టి చుట్టారు. (ఈ పని చెయ్యని ఇల్లు మా ఊళ్ళో ఒక్కటి ఉందా అని నా సందేహం.) అది కరగాలంటే ఎన్నో ఆంపియర్లు కావాలి, అంతకుముందే గోడ మీది వైరు కాలిపోతుంది.

ఇక మనిషి సంగతి. చర్మం తడిసి ఉంటే శరీర నిరోధము వెయ్యి ఓములకు అటూ ఇటూగా పడిపోతుంది. 230 వోల్టులకు 230 మిల్లీ ఆంపియర్లు. ఒక మిల్లీ ఆంపియరుకే చురుక్కుమంటుంది. పది దాటితే కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నదాన్ని వదలలేము. 30 దాటి కాసేపు నిలిస్తే ఊపిరికీ గుండెకూ ప్రమాదము. ఫ్యూజు లెక్క ఆంపియర్లలో, ప్రాణం లెక్క ఆంపియరులో వెయ్యోవంతులలో. ఫ్యూజు కాపాడేది వైరును. మనల్ని కాపాడుతుందని దానికి పెట్టుకున్న పేరు మన భ్రమే.

ఈ మాట తాతయ్యకు ఒప్పించడానికి నాకు చాలా నెలలు పట్టింది. "యాభై ఏళ్ళు పైబడి వెలుగుతున్న దీపాలురా, ఆ పాక వైరొక్కటీ మార్చండి చాలు" అనేవారు. ఆయన మాటలో తప్పులేదనిపించేది. 1968లో ఆ వైర్లు మోసింది 40 వాట్ల బల్బులు నాలుగు, ఆ తర్వాత ఒక రేడియో. ఒక ఆంపియరు నిండదు. ఇప్పుడు అవే వైర్ల కొసలకు అతుకులు వేసి, గీజరు 2000 వాట్లు, టన్నున్నర ఏసీ సుమారు 1700, ఇస్తిరిపెట్టె 1000 తగిలించాం. మూడూ ఒకేసారి నడిస్తే 20 ఆంపియర్లు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గమును బట్టి పెరుగుతుందని మనం పాఠంలో చదువుకున్నాం. ఒక ఆంపియరు ఎనిమిదయితే వేడి అరవై నాలుగు రెట్లు. పాత వైరు చెడిపోలేదు తాతయ్యా, దాని నెత్తిన మనం మోపు పెంచేశాం అని చెప్పాక ఆయన కొంచెం మెత్తబడ్డారు. ధాన్యం బండి మీద రెండింతలు బస్తాలు వేస్తే ఇరుసు ఏమవుతుందో ఆయనకు నేను చెప్పనక్కరలేదు.

2024 వేసవి సెలవుల్లో పని మొదలుపెట్టాం. పట్నం నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ ముందు మెగ్గర్ తిప్పారు. అది 500 వోల్టులు ఇచ్చి, తీగకూ భూమికీ మధ్య తొడుగు నిరోధమును కొలుస్తుంది. కనీసం ఒక మెగోమ్ చూపాలి. మా వరండా లైను పదోవంతు కూడా చూపలేదు. బద్దీ ఊడదీస్తుంటే రబ్బరు పెళుసులు పెళుసులుగా చేతిలో రాలింది. పెంకుల కింద, అటక మీద, ఏటేటా వైశాఖ మాసపు ఎండలకు అది ఎండి బెరడయిపోయింది. అటక మీద రెండు చోట్ల ఎలుకలు కొరికి రాగి బయటపెట్టాయి.

వంటింటి వైపు కథ వేరు. అది 1985లో పొడిగించినది. రాగి కరువున దేశమంతటా అల్యూమినియం వైర్లు వాడిన రోజులవి. అల్యూమినియం నిరోధము రాగికి 1.6 రెట్లు. అంతకంటే పెద్ద చిక్కు అతుకు దగ్గర. గాలి తగలగానే దాని మీద ఆక్సైడు పొర కడుతుంది. ఆ పొర కరెంటును పోనివ్వదు. స్క్రూ కింద నొక్కితే మెల్లమెల్లగా సాగి వదులవుతుంది. మా ఇంట్లో పాత రాగికీ ఈ అల్యూమినియానికీ మెలిపెట్టి, పైన గుడ్డ టేపు చుట్టారు. తడి తగిలితే ఈ రెండు లోహాల మధ్య తుప్పు పుడుతుంది. అటువంటి అతుకులో నిరోధము పావు ఓము ఉన్నా చాలు, పది ఆంపియర్లు పోతే అక్కడ 25 వాట్ల వేడి. మన ఫిజిక్సు లాబులో తగరం కరిగించే సోల్డరింగ్ ఐరన్ కూడా 25 వాట్లే! దాన్ని రాత్రింబవళ్ళు టేకు చెక్కకు ఆనించి పెట్టినట్టు. మా అతుకు కింద చెక్క అరచేతి మేర నల్లగా మాడిపోయి కనబడింది. ఆ ముక్కను తాతయ్య చాలాసేపు చేతిలో తిప్పి చూశారు గాని ఏమీ అనలేదు.

అసలు నన్ను ఆశ్చర్యపరిచింది మూడు రంధ్రాల సాకెట్టు. ఫ్రిజ్జి కొన్నప్పుడు పెట్టించినది. విప్పి చూస్తే పెద్ద రంధ్రం వెనక తీగే లేదు. ఉత్త అలంకారము. ఇంటి మొత్తానికి ఎర్తు వైరు లేదు. ఇంకొకటి, రెండు గదుల్లో స్విచ్చి న్యూట్రల్ మీద పెట్టారు. అంటే స్విచ్చి ఆపినా బల్బు హోల్డరులో ఫేజు అలాగే ఉంటుంది. అమ్మ ఎన్నిసార్లు స్టూలెక్కి ఆ బల్బు తుడిచిందో!

కొత్త వైరింగు సంగతి టూకీగా చెబుతాను. లైట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సాకెట్లకు 2.5, ఏసీకీ గీజరుకూ విడివిడిగా 4. అన్నిటికీ ఐ.ఎస్. 694 అని, ఐ.ఎస్.ఐ. ముద్ర చూసి తీసుకున్నాం. ఫేజు ఎరుపు, న్యూట్రల్ నలుపు, ఎర్తు ఆకుపచ్చ. మావి బంకమట్టి, సున్నపు గోడలు కనుక గోడ చెక్కనివ్వలేదు. పైపు పైనే నడిపించాం. అందం తగ్గిందని అమ్మ అంది. పాత గోడను సుత్తితో కొడితే మూరెడు గాడికి బారెడు గోడ రాలుతుంది, అందుకని నేను పట్టుబట్టాను.

ఎర్తుకు గోడకు 1.5 మీటర్లకు పైగా ఎడంగా, బావి వైపు తేమ నేలలో గొయ్యి తీసి, 2.5 మీటర్ల జి.ఐ. పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు నింపారు. ఎండాకాలం దానిలో నీళ్ళు పోస్తూ ఉండాలి. ఇక్కడితో అయిపోయిందని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. కాని మళ్ళీ లెక్క వెయ్యండి. మన ఎర్తు మంచిదై 5 ఓములు, ట్రాన్స్‌ఫార్మరుది 5 ఓములు, మొత్తం 10. ఫ్రిజ్జి ఒంటికి ఫేజు తగిలితే 23 ఆంపియర్లు ప్రవహిస్తాయి. 16 ఆంపియర్ల ఎం.సి.బి. తక్షణం పడిపోవాలంటే సి-రకానికి 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. 23కు అది నిమిషాలు తీసుకోవచ్చు, ఒక్కొక్కప్పుడు గంట కూడా. అంతసేపూ ఫ్రిజ్జి ఒంటి మీద సగం వోల్టేజీ, 115 వోల్టులు నిలిచే ఉంటుంది.

ఆ లోటు తీర్చేది ఆర్.సి.సి.బి. దీని సూత్రము చాలా సులువు. ఫేజులో పోయిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి రావాలి. రెండు తీగలనూ ఒకే ఇనుప వలయము గుండా పోనిస్తే, వాటి అయస్కాంత క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. కొంత కరెంటు మనిషి గుండానో గేదె గుండానో భూమిలోకి పోయిందంటే లెక్క తప్పుతుంది. ఆ తేడా వలయము మీది చుట్టలో వోల్టేజీ పుట్టించి మీట పడవేస్తుంది. ఇళ్ళకు పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లది. సెకనులో మూడోవంతు లోపే పడాలి. మా పాకలో ఆ రాత్రి లీకైన 4.2 ఆంపియర్లు దీనికి నూట నలభై రెట్లు. ఆ రాత్రి ఇది ఉండి ఉంటే వైరు పైపుకు తగిలిన క్షణానే పడిపోయేది. దీనికీ ఒక హద్దు ఉంది. ఒక చేత్తో ఫేజు, రెండో చేత్తో న్యూట్రల్ పట్టుకుని, కాళ్ళ కింద ఎండు చెక్క ఉంటే దీనికి మనిషికీ బల్బుకూ తేడా తెలియదు. ఓవర్‌లోడును కూడా ఇది పట్టించుకోదు, అందుకు ఎం.సి.బి. ఉండాల్సిందే. మా ఇంటికి రెండు పెట్టించాం, ఇంటికొకటి, పాకకొకటి.

పెట్టిన వారంలోనే ఇంటి ఆర్.సి.సి.బి. రోజుకు రెండుసార్లు పడడం మొదలెట్టింది. పనికి వచ్చిన కుర్రాడు, "తీసేసి డైరెక్టు ఇచ్చేద్దామా బాబూ?" అన్నాడు. చాలా ఇళ్ళలో ఇదే జరుగుతుందని నా అనుమానం. వద్దని ఒక్కొక్క లైనూ ఆపుతూ వెతికాం. వీధి అరుగు బల్బుకు న్యూట్రల్ పోయినప్పుడు ఎవరో పంపు పైపుకు తీగ చుట్టి భూమితో వెలిగించారు. ఆ ఒక్క ముక్క కొత్త వైరింగులో కలిసిపోయింది. 9 వాట్ల ఎల్.ఈ.డి. ఉన్నప్పుడు కరెంటు 40 మిల్లీ ఆంపియర్లే, అందుకే ఆ లైటు వేసినప్పుడు మాత్రమే పడేది. అంత చిన్న తప్పును అది పట్టిందంటే నాకు ముచ్చట వేసింది.

సెలవులకు ఇంటికి వెళ్ళే మిత్రులు స్క్రూడ్రైవరు పట్టుకుని బోర్డులు విప్పవద్దని మనవి. చూడగలిగినవి చాలా ఉన్నాయి. స్విచ్చిబోర్డు మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉందా, చెక్క నల్లబడిందా, గీజరు వేస్తే లైట్లు మసకబారుతున్నాయా, ఇనుప గుంజలకూ బట్టలారవేసే తీగలకూ వైరు కట్టారా, మెయిన్ దగ్గర "టి" అని రాసిన చిన్న మీట ఉన్న పెట్టె అసలు ఉందా. ఉంటే అది నొక్కి చూడండి, పడాలి. పడకపోతే అది గోడకు బొమ్మ. విప్పి చూసే పని లైసెన్సు ఉన్నవాళ్ళకు వదిలెయ్యండి.

మొత్తం లెక్క రాసి చూసుకున్న తాతయ్య, "గేదె ఖరీదు కంటే తక్కువేరా" అన్నారు. మా ఇంట్లో ప్రతి నెలా మొదటి తారీకున "టి" మీట నొక్కేది మామ్మ. దీపాలన్నీ ఆరిపోయాక, తానే మళ్ళీ పైకెత్తి పాకలోకి వెళుతుంది. పొలంలో మోటారు కొట్టు మాత్రం ఇంకా పాత వైర్లతోనే ఉంది. దాళ్వా కోతలయ్యాక దాని పని పెట్టుకున్నాం.