ఇంజన్ పడుకున్నా వారంటీ నడుస్తూనే ఉంటుంది

మంత్రాలయం దగ్గర తుంగభద్రలో పుట్టిదే పెత్తనం. ఇంజన్ పడవలు చూడాలంటే శ్రీశైలం వెనకజలాల వైపు పోవాలి. అయితే ఆ పడవలను నడిపే డీజిల్ ఇంజన్‌కు దగ్గరి చుట్టం మన ఒడ్డున కూడా ఉంది. నదిలోకి పైపు దించి పొలానికి నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్ అది. పడవకు కొన్నా, పంపుకు కొన్నా, బిల్లు రాసే ముందు షాపులో వినిపించే మాట ఒకటే: "అన్నా, ఇంకో నాలుగు వేలు వేసుకో. మూడేళ్ల దాకా ఇంజన్ సంగతి మాకొదిలెయ్."

వదిలెయ్యొచ్చా? అది ఆ నాలుగు వేలకు చేతికిచ్చే కాగితాన్ని బట్టి ఉంటుంది. షాపువాడి నోటిమాటను బట్టి కాదు.

ముందు ఆ కాగితం ఏమిటో తేల్చుకోవాలి. ఎక్స్‌టెండెడ్ వారంటీ అయితే, తయారీలోనే ఉన్న లోపం బయటపడినప్పుడు ఆ భాగాన్ని బాగుచేయడమో మార్చడమో దాని పని. ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) అయితే ఏడాదికి ఇన్నిసార్లు మెకానిక్ వచ్చి సర్వీసు చేసి పోతాడు, విడిభాగాల ఖర్చు చాలాసార్లు మీదే. వరద, దొంగతనం, అగ్నిప్రమాదం ఈ రెండింటిలోనూ రావు. వాటికి బీమా ఉండాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని ముంచెత్తిన సంగతి ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. అలాంటి వరదలో ఇంజన్ మునిగితే వారంటీ కాగితం తీసుకుని షోరూముకు పోయి లాభం లేదు. నీళ్లు చేరి పాడైతే తమ బాధ్యత లేదని చాలా కార్డుల్లో ముందే రాసి ఉంటుంది.

ఇక మన నది సంగతి. తుంగభద్రలో నిండుగా నీళ్లుండేది వానాకాలంలో, ఆ తర్వాత కొన్ని నెలలు. ఎండాకాలం వచ్చేసరికి ఇసుక మేటలు తేలతాయి, ఇంజన్ పట్టా కప్పుకుని కొట్టంలో పడుకుంటుంది. వారంటీ మాత్రం క్యాలెండరు చూసి నడుస్తుంది. ఉదాహరణకు రెండేళ్ల ప్లాన్ 4,000 రూపాయలు అనుకుందాం. విడిగా కొన్న ప్లాన్‌ను జీఎస్టీలో సేవగా లెక్కిస్తారు, 18 శాతం పన్ను పడుతుంది. చేతినుంచి పోయేది 4,720. ఏడాదికి ఐదు నెలలు ఇంజన్ తిరిగిందనుకుంటే రెండేళ్లలో పది నెలలు. అంటే పనిచేసిన ప్రతి నెలకూ 472 రూపాయలు కట్టినట్టు. కాలువ కిందో, నీళ్లు వట్టిపోని రిజర్వాయరులోనో ఏడాది పొడుగునా ఇంజన్ తిప్పేవాడికి ఇదే ప్లాన్ సగానికంటే తక్కువ ధరకు పడినట్టు లెక్క. పైగా కొన్ని ప్లాన్లలో "ఇన్ని నెలలు లేదా ఇన్ని గంటలు, ఏది ముందైతే అది" అని ఉంటుంది. ఎక్కువ తిప్పేవాణ్ని గంటలు పట్టుకుంటాయి, తక్కువ తిప్పేవాణ్ని నెలలు పట్టుకుంటాయి.

ఇంకో మెలిక ప్లాన్ మొదలయ్యే తేదీలో ఉంటుంది. ఇంజన్‌తో పాటు కంపెనీ ఒక ఏడాది వారంటీ ఉచితంగా ఇచ్చిందనుకోండి. రెండేళ్ల ప్లాన్ కూడా కొన్న రోజు నుంచే మొదలైతే మీరు డబ్బు పెట్టి కొన్నది ఒక్క ఏడాదే. "కంపెనీ వారంటీ ముగిసిన మర్నాటి నుంచి" అని కాగితంలో ఉండాలి. లేకపోతే అక్కడికక్కడే రాయించండి, కింద షాపు ముద్ర వేయించండి.

వెనక పేజీలో చిన్న అక్షరాలతో "వర్తించనివి" అనే జాబితా ఉంటుంది. అసలు కథంతా అక్కడే. ఫిల్టర్లు, బెల్టులు, గ్యాస్కెట్లు, సీళ్లు, నాజిళ్లు వాడకంతో అరిగే భాగాలు కాబట్టి వాటికి వర్తించదని రాస్తారు. తుంగభద్ర నీళ్లతో ఇసుక వస్తుంది. ఆ ఇసుక మొదట తినేది పంపు సీలును, ఇంపెల్లర్‌ను. పడవలో అయితే ప్రొపెల్లర్‌ను, చల్లబరిచే నీటి పంపును. అంటే మన దగ్గర ముందుగా పోయేవన్నీ జాబితాలో ఉన్నవే. ప్లాన్ కింద వచ్చే క్రాంక్ షాఫ్ట్, సిలిండర్ బ్లాక్ లాంటివి వేళకు ఆయిల్ మారిస్తే ఏళ్ల తరబడి కదలవు. అరిగే భాగాలను వదిలేసి అరగని భాగాలకు హామీ ఇచ్చే ప్లాన్‌కు నాలుగు వేలు పెట్టడం దండగ అని నా అభిప్రాయం.

పంపు కోసం చేసిన ఇంజన్‌ను పడవకు బిగించేవాళ్లు కూడా జాగ్రత్త పడాలి. కార్డులో "వ్యవసాయ పంపుకు మాత్రమే" అని ఉంటే, పడవకు బిగించిన రోజే కంపెనీ చేతికి సాకు దొరికినట్టు. ఇంజన్‌తో నడిచే పడవలకు 2021 నాటి దేశీయ నౌకల చట్టం కింద సర్వే, రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. ఎందుకు కొంటున్నారో బిల్లు మీదే రాయించండి: "నది నీళ్లు తోడడానికి", "ప్రయాణికుల పడవకు" అని. దీనికి చట్టంలో విలువ ఉంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు తన అవసరం చెప్పి అమ్మేవాడి అనుభవాన్ని నమ్మి కొంటే, ఆ వస్తువు ఆ పనికి పనికొచ్చేదై ఉండాలి. కంపెనీ పేరు, మోడల్ చెప్పి అదే కావాలని అడిగి కొంటే ఈ రక్షణ బలహీనపడుతుంది. బిల్లులో ఆ ఒక్క ముక్క రాయించడానికి పైసా ఖర్చు లేదు.

ప్లాన్ కొనకపోతే కంపెనీ వారంటీ ముగిసిన మర్నాటి నుంచి మన గతి దేవుడికే ఎరుక అని భయపెడతారు. అంతేమీ కాదు. తయారీలోనే లోపం ఉందని రుజువైతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మరమ్మతు, మార్పిడి, డబ్బు వాపసు, నష్టపరిహారం అడగవచ్చు. ఎక్స్‌టెండెడ్ ప్లాన్ కొనలేదన్న కారణంతో ఆ హక్కు పోదు. రుజువు చేయడమే కష్టం. అవసరమైతే వస్తువును ల్యాబుకు పంపే అధికారం వినియోగదారుల కమిషన్‌కు 38వ సెక్షన్ ఇస్తుంది. ప్లాన్ ఉంటే ఈ గొడవ కొంత తగ్గుతుంది, అది మాత్రం ఒప్పుకోవాలి.

"ఇంజన్ సంపాదనకు కొన్నావు కదా, నువ్వు వినియోగదారుడివే కాదు" అని కంపెనీ లాయర్లు మొదటి బాణం వేస్తారు. చట్టం వ్యాపార అవసరానికి కొన్నవాళ్లను పక్కన పెట్టిన మాట నిజమే. కానీ తన బతుకుతెరువు కోసం తానే పనిచేసుకునేవాణ్ని మినహాయించింది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరచి చెప్పింది. ఆటో కొని తానే నడుపుకునేవాడు వినియోగదారుడే, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హోదా పోదు. సొంత పడవ తానే నడుపుకుంటూ కుటుంబాన్ని పోషించుకునేవాడికి ఇది అక్షరాలా వర్తిస్తుంది. పది పడవలు పెట్టి జీతగాళ్లతో నడిపించే కాంట్రాక్టరుకు వర్తించడం కష్టం, ఆయన సివిల్ కోర్టు మెట్లెక్కాలి. రైతుల విషయంలోనైతే అనుమానమే అక్కర్లేదు. నాసిరకం విత్తనాల మీద కర్నూలుతో పాటు మరికొన్ని జిల్లాల వినియోగదారుల ఫోరాలు రైతుల పక్షాన ఇచ్చిన తీర్పులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు రైతు వినియోగదారుడేనని తేల్చింది. మన జిల్లా రైతులు పోరాడి నిలబెట్టుకున్న హక్కు ఇది.

ప్లాన్ తీసుకోవాలనే మీకు అనిపిస్తే, కింద ఎవరి సంతకం ఉందో చూడండి. కంపెనీదా, డీలరుదా, పేరు కూడా వినని మూడో సంస్థదా? 2021లో టాటా మోటార్స్, ఆంటోనియో పాలో వాజ్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టంగా చెప్పింది. కంపెనీకీ డీలరుకూ ఉన్నది సరుకు కొని అమ్ముకునే సంబంధమే అయితే, కంపెనీకి తెలియకుండా డీలరు చేసిన తప్పుకు కంపెనీ జవాబుదారీ కాదు. డీలరు తన లెటర్‌హెడ్ మీద మూడేళ్ల హామీ రాసిచ్చి రెండో ఏడు షాపు మూసేస్తే మీరు ఎవరి గుమ్మం తొక్కుతారు? కంపెనీ పేరు, ముద్ర, ప్లాన్ నంబరు లేని కాగితానికి డబ్బు ఇవ్వకండి.

ప్లాన్ ఉంది కదా, ఇంజన్ చెడిపోతే కొత్తది ఇస్తారని కూడా ఆశపడకండి. 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో కారు మార్చి ఇవ్వాలన్న ఆదేశాన్ని సుప్రీంకోర్టు రద్దుచేసింది. వారంటీలో రాసింది లోపమున్న భాగాన్ని బాగుచేయడమో మార్చడమో మాత్రమే, అంతకు మించి వారంటీ పేరుతో అడగలేరని చెప్పింది. కాగితంలో ఏముందో అదే.

"ప్లాన్ తీసుకుంటేనే ఇంజన్ ఇస్తాం" అంటే ఆ పప్పులు ఉడకవు. ఒక వస్తువు కావాలంటే ఇంకోటి కొనాల్సిందేనని షరతు పెట్టడం చట్టం దృష్టిలో నిర్బంధ వ్యాపార పద్ధతి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు మీరు అడగకుండానే బుట్టలో ప్లాన్ చేరిపోతే అదీ తప్పే. 2023 నవంబరులో కేంద్రం తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు దాన్ని నిషేధించాయి.

బయట మెకానిక్ చెయ్యి వేస్తే వారంటీ పోయినట్టే అనే షరతు మనవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. నాట్లకు నీళ్లందాల్సిన రోజున ఇంజన్ ఆగితే వంద కిలోమీటర్లకు దగ్గరగా ఉన్న కర్నూలు నుంచి కంపెనీ మనిషి వచ్చేదాకా ఎవరు కాచుక్కూర్చుంటారు? ఎమ్మిగనూరు నుంచో, ఆదోని నుంచో మెకానిక్‌ను పిలిపించుకుంటారు. 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు బయట దొరకనివ్వకపోవడం, బయట బాగుచేయిస్తే వారంటీ రద్దనడం పోటీకి చేటని ఆ ఆదేశంలో తప్పుపట్టింది. కేంద్రం 2022 డిసెంబరులో తెరిచిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో వ్యవసాయ పరికరాలు కూడా ఒక విభాగం. అయినా మీ చేతిలోని ప్లాన్‌లో ఆ షరతు ఉంటే ముందు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. మనిషి ఎప్పటికి వస్తాడో మెసేజ్ పెట్టమనండి. రాకపోతే ఆ మెసేజే మీ సాక్ష్యం. పాత భాగాలు పారేయకండి, సంచిలో కట్టి దాచండి.

సర్వీసు సెంటర్ ఇచ్చే జాబ్ కార్డు మీద కూడా కళ్లు మూసుకుని సంతకం పెట్టకండి. మీరు "గంట తిరిగేసరికి వేడెక్కి ఆగుతోంది" అని చెబితే, అక్కడ "జనరల్ సర్వీస్" అని రాసి పంపుతారు. ఏడాది తర్వాత వినియోగదారుల కమిషన్ ముందు ఆ రెండు ముక్కలే మీకు అడ్డం తిరుగుతాయి. మీరు చెప్పిన మాటే రాయించి, ఫొటో తీసుకుని, అప్పుడు సంతకం చేయండి.

మంత్రాలయం జనం చాలామంది రాయచూరులో కొంటారు. బిల్లు కర్ణాటకదైనా కేసు అక్కడే వేయాలని లేదు. మీరు నివసించే జిల్లాలో వేయవచ్చని వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ చెబుతుంది, కాబట్టి కర్నూలు జిల్లా కమిషన్ చాలు. మీరు కట్టిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష ఉంటే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. ఆచరణలో అంతకంటే ఎక్కువ పడుతుందనుకునే సిద్ధపడండి. ప్లాన్ షరతులే అన్యాయమని సవాలు చేయాలంటే మాత్రం జిల్లా కమిషన్‌కు అధికారం లేదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి.

ఇంతకీ కొనాలా వద్దా? నది ఒడ్డున ఐదారు నెలలు తిరిగే మామూలు ఆయిల్ ఇంజన్‌కు వద్దు. దాన్ని విప్పి బిగించగల మెకానిక్‌లు చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు, సామాన్లు దొరుకుతాయి. ఆ డబ్బు ఆయిల్ మార్చడానికి, ఫిల్టర్లకు పెట్టండి. ఖరీదైన ఔట్‌బోర్డ్ మోటారు కొని, సామాను కంపెనీ దగ్గర తప్ప ఎక్కడా దొరకని పరిస్థితిలో, ఏడాదంతా పడవ నడిపేవాళ్లు తీసుకోవచ్చు. అదీ కంపెనీ సంతకంతో, ఎలక్ట్రానిక్ భాగాలు కూడా కలిపి, మెకానిక్ పడవ దగ్గరికే వస్తాడని రాసి ఉంటేనే.

ఇప్పటికే ప్లాన్ కొన్నవాళ్లు ఈ రాత్రి ట్రంకుపెట్టె తీసి ఆ కాగితం మీద ముగింపు తేదీ చూడండి. ఇంజన్ మొరాయిస్తుంటే గడువు లోపలే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. కమిషన్‌కు వెళ్లడానికి వివాదం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లు గడువు.