డ్యాష్‌బోర్డు దీపాలు – ఫిట్‌నెస్ పరీక్ష

కారు తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద ఎన్నో చిన్న దీపాలు ఒక్కసారిగా వెలుగుతాయి. కొన్ని సెకన్లలో కొన్ని ఆరిపోతాయి. ఆయిల్, బ్యాటరీ, ఇంజిన్ గుర్తులు ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆరతాయి. వాహనం తనను తాను పరీక్షించుకునే పద్ధతి ఇది. ఆరవలసిన దీపం ఆరకపోతే లోపం ఉన్నట్టు. వెలగవలసిన దీపం అసలు వెలగకపోయినా లోపమే.

రంగుల భాష

ఈ గుర్తులకు ఐఎస్ఓ 2575 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందుకే ఏ కంపెనీ వాహనంలోనైనా అవి దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ఎరుపు రంగుకు అర్థం ప్రమాదం ఉంది, వెంటనే చూడాలి అని. పసుపు రంగు వెలిగితే త్వరలో మెకానిక్‌కు చూపించాలి. ఆకుపచ్చ, నీలం రంగులు లైట్లు, ఇండికేటర్లు పనిచేస్తున్నాయని తెలుపుతాయి.

ఎర్రని నూనె డబ్బా గుర్తును చాలామంది ఆయిల్ తగ్గిందనే సూచనగా అనుకుంటారు. నిజానికి అది చెప్పేది ఆయిల్ పీడనం పడిపోయిందని. పీడనం లేకపోతే బేరింగుల మధ్య ఆయిల్ పొర నిలవదు, లోహం లోహంతో రాసుకుంటుంది. కొద్ది నిమిషాల్లోనే ఇంజిన్ పాడవుతుంది. కాబట్టి ఈ దీపం వెలిగితే బండిని పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. బ్యాటరీ గుర్తు సాధారణంగా ఆల్టర్నేటర్ ఛార్జింగ్ ఇవ్వడం లేదని తెలుపుతుంది. బ్యాటరీలో మిగిలిన విద్యుత్తు అయిపోయేదాకే బండి నడుస్తుంది.

ఇంజిన్ దీపం ఎలా వెలుగుతుంది?

పెట్రోలు పూర్తిగా మండాలంటే 1 కిలో ఇంధనానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఈ నిష్పత్తి సరిగా ఉందో లేదో పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ నిరంతరం కొలుస్తుంది. కెటలిటిక్ కన్వర్టర్ తర్వాత ఉండే రెండో సెన్సర్, ఆ కన్వర్టర్ విషవాయువులను శుద్ధి చేస్తున్నదో లేదో గమనిస్తుంది. రీడింగులు హద్దు దాటితే కంప్యూటర్ ఒక కోడ్ నమోదు చేస్తుంది. చాలా లోపాల విషయంలో, అదే లోపం వరుస ప్రయాణాల్లో మళ్లీ కనిపించినప్పుడే దీపం వెలుగుతుంది.

దీపం ఆగి ఆగి వెలుగుతుంటే ఇంకా జాగ్రత్త పడాలి. సిలిండర్‌లో మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతుంది. ఆ వేడికి కన్వర్టర్ లోపలి భాగం కరిగిపోవచ్చు.

దీపం ఆర్పితే సరిపోతుందా?

పరీక్షకు ముందు రోజు స్కానర్‌తో కోడ్ చెరిపేసి దీపం ఆర్పడం కొందరికి అలవాటు. కోడ్‌తోపాటు కంప్యూటర్ చేసుకున్న స్వీయ పరీక్షల ఫలితాలూ చెరిగిపోతాయి. అవి ఇంకా పూర్తికాలేదని స్కానర్‌లో కనిపిస్తుంది. లోపం అలాగే ఉంటుంది కాబట్టి కొంత దూరం నడిచాక దీపం మళ్లీ వెలుగుతుంది. అసలు లోపాన్ని సరిచేస్తే, కొన్ని ప్రయాణాల తర్వాత చాలా వాహనాల్లో దీపం దానంతట అదే ఆరుతుంది.

దీపాలకు కనిపించనివి

మన దేశంలో రవాణా వాహనాలకు 8 ఏళ్ల వరకు 2 ఏళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పునరుద్ధరించుకోవాలి. సొంత కార్లకు 15 ఏళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ సమయంలో తనిఖీ ఉంటుంది. సర్టిఫికెట్ లేని రవాణా వాహనానికి చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్ లేనట్టే. టాక్సీ, ఆటో నడిపేవారికి ఇది బతుకుదెరువు సమస్య.

ఆటోమేటెడ్ పరీక్ష కేంద్రాల్లో బండి చక్రాలను రోలర్ల మీద తిప్పి ఎడమ, కుడి బ్రేకుల బలాన్ని విడివిడిగా కొలుస్తారు. ఒకవైపు బ్రేకు తక్కువగా పడితే బండి పక్కకు లాగుతుంది. దీనికి సాధారణంగా డ్యాష్‌బోర్డు మీద ఏ దీపమూ వెలగదు. హెడ్‌లైట్ల దిశ, టైర్ల అరుగుదల వంటివీ అంతే. కారు టైరు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి.

పరీక్షకు వారం ముందే ఇవి చూసుకోండి: తాళం తిప్పినప్పుడు దీపాలన్నీ వెలిగి ఆరుతున్నాయా? బ్రేకు వేస్తే వెనక లైట్లు వెలుగుతున్నాయా? ఇండికేటర్లు, హారన్, వైపర్లు పనిచేస్తున్నాయా? టైర్లు ఎంత అరిగాయి? కాలుష్య ధ్రువపత్రం గడువు ఉందా? ఏదైనా దీపం ఆరకపోతే మెకానిక్‌ను ముందుగా కోడ్ చదివి, లోపమేమిటో చెప్పమనండి. మరమ్మతు అయ్యాకే కోడ్ చెరిపించండి.