వానరాకడ – దానిని ముందుగ తెలిసికొను విధము

వానరాకడయు ప్రాణము పోకడయు ఎవ్వరికిని తెలియవని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెతలోని రెండవ సగమును గూర్చి మేము చెప్పగలిగినది లేదు. మొదటి సగము మాత్రము నేడు పూర్తిగ నిజమును కాదు, పూర్తిగ అబద్ధమును కాదు. అది యెంతవరకు నిజమో తెలిసికొన్న రైతునకు విత్తనము దక్కును, చల్లిన యెరువు దక్కును, కల్లములోని ధాన్యము దక్కును. కావున ఈ విషయమును సంఘ సభ్యులకు పాఠముగ వ్రాయుచున్నాము.

కార్తె వేరు, సూచన వేరు

సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున 13, 14 దినములుండును. అట్టి కార్తెలు ఏడాదికి 27. ఏ కార్తెలో సామాన్యముగ వాన పడునో పెద్దలు తరతరముల అనుభవముచే కనిపెట్టిరి. ఇది గొప్ప జ్ఞానమే. అయితే కార్తె చెప్పునది అనేక సంవత్సరముల సగటు మాత్రమే. జూన్ 7, 8 తేదీలలో ప్రవేశించు మృగశిర ఈ యేడు తడియునో, ఎండునో అది చెప్పజాలదు. అందులకు ఈనాటి గాలిని, ఈనాటి తేమను కొలువవలెను. అట్లు కొలిచి రాబోవు దినముల స్థితిని లెక్కగట్టుటయే వాతావరణ సూచన.

మబ్బు ఎట్లు కట్టును?

చల్లని నీరు పోసిన చెంబునకు వెలుపల చెమట పట్టుట అందరును చూచినదే. ఆ తడి చెంబులోనుండి వచ్చినది కాదు, చుట్టునున్న గాలిలోనిది. గాలిలో కంటికి కనబడని నీటియావిరి యుండును. వేడి గాలిలో ఆవిరి ఎక్కువగ ఇముడును. గాలి చల్లబడినకొలది ఇముడలేక నీరగును.

ఆకాశమునను ఇదియే జరుగును. ఎండకు నేల కాగి, దానినంటిన గాలి తేలికయై పైకి లేచును. పైన ఒత్తిడి తక్కువగుటచే అది వ్యాకోచించి, మబ్బు కట్టువరకు కిలోమీటరునకు సుమారు 10 డిగ్రీల చొప్పున చల్లబడును. అంతట ఆవిరి సూక్ష్మమైన ధూళికణములను ఆశ్రయించి బిందువులగును. బిందువులు కూడి బరువెక్కినప్పుడు వాన కురియును. కావున వానకు రెండు కావలెను: గాలిలో తేమ, ఆ గాలిని పైకెత్తు కారణము. ఒకటి యుండి రెండవది లేనిచో ఉక్కపోతయే మిగులును.

గాలి బరువు

గాలికిని బరువు కలదు. దానిని కొలుచు పరికరము బారోమీటరు. ఎత్తునకు పోయినకొలది పైనుండు గాలి తగ్గును గనుక ఒత్తిడియు తగ్గును. శంషాబాదు విమానాశ్రయము సముద్రమట్టమునకు సుమారు 617 మీటర్ల ఎత్తున నున్నది. ఇచ్చటి కొలతను కాకినాడ కొలతతో పోల్చుటకు ముందు రెంటిని సముద్రమట్టపు లెక్కకు మార్చుదురు. అట్లు మార్చి పటముపై వ్రాసినప్పుడు ఒత్తిడి తక్కువగ నున్న తావు కనబడును. అదియే అల్పపీడనము. అది బలపడినచో వాయుగుండమగును.

మన భూభాగమున గాలి అల్పపీడనము చుట్టు గడియారపు ముల్లునకు ఎదురుదిక్కుగ తిరుగును. కావున గాలికి వీపు పెట్టి నిలిచినచో అల్పపీడనము సామాన్యముగ ఎడమచేతి వైపున నుండును. 2008లో ప్రారంభమైన మన విమానాశ్రయపు బాటలు తూర్పు పడమరలుగ నున్నవి. విమానములు సాధారణముగ గాలికెదురుగ లేచును, ఎదురుగనే దిగును. వానకాలమున పడమటి గాలి వీచునప్పుడు అవి పడమటి ముఖముగ దిగుటను పొలములోనుండియే చూడవచ్చును. అప్పుడు గాలికి వీపు పెట్టినవాని ఎడమచేయి ఉత్తరమును చూపును. ఋతుపవనపు అల్పపీడన ద్రోణి ఆ దిక్కుననే గంగా మైదానముపై నుండును.

సూచన ఎట్లు తయారగును?

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడినది. ఆ శాఖ ప్రథమాధికారి బ్లాన్ఫర్డు 1886లో హిమాలయపు మంచును ఆధారము చేసికొని ఋతుపవనమును గూర్చి ముందుగ చెప్పుటకు పూనుకొనెను. నేడు సాధనములు హెచ్చినవి. ప్రతి దినము ఉదయము 8.30 గంటలకు వాన కొలతలు తీయుదురు. ఉదయము, సాయంకాలము 5.30 గంటల వేళకు బెలూనులు పైకి పోయి పైగాలుల వేడిమిని, తేమను తెలుపును. ఉపగ్రహములు మబ్బులను పైనుండి చూచును. రాడారు పంపిన తరంగములు వానచినుకులకు తగిలి మరలివచ్చుటచే వాన యెచ్చటనున్నదో తెలియును. ఈ కొలతలన్నియు కంప్యూటర్లకు చేరి, గాలి నడకను లెక్కగట్టుటకు ఉపయోగపడును.

లెక్క తప్పుటకును కారణము కలదు. మొదటి కొలతలోని కొంచెపు పొరపాటు దినదినమును పెరిగిపోవునని 1963లో లోరెంజు అను శాస్త్రజ్ఞుడు చూపెను. కావున రేపటి సూచనపై ఉంచు నమ్మకమును పదవనాటి సూచనపై ఉంచరాదు. రాడారును చూచి చెప్పు మూడు గంటల సూచన ఉరుములు, వడగండ్ల విషయమున మిక్కిలి పనికివచ్చును.

సూచనను చదువుట

‘ఒకటి రెండు చోట్ల’ అనగా ఆ ప్రాంతపు వర్షమాపక కేంద్రములలో నాల్గవవంతుకు మించకుండ వాన పడునని అర్థము. ‘కొన్ని చోట్ల’ అనగా సగము వరకు, ‘అనేక చోట్ల’ అనగా ముప్పాతిక వరకు. ఒకటి రెండు చోట్ల అన్నప్పుడు మీ చేను తడియక పోయినంతమాత్రమున సూచన తప్పినట్లు కాదు. అంతకంటె ముఖ్యముగ, అట్టి మాట నమ్మి విత్తుట తగదు.

ఒక దినమున 64.5 మిల్లీమీటర్లు మొదలు భారీ వర్షమనియు, 115.6 మొదలు అతి భారీ యనియు, 204.4 మించినచో అత్యంత భారీ యనియు లెక్క. పసుపు రంగు గమనించుటకు, నారింజ రంగు సిద్ధపడుటకు, ఎరుపు రంగు వెంటనే చర్య గైకొనుటకు గుర్తులు.

గగన్‌పహాడు నేర్పిన పాఠము

2020 అక్టోబరు 13న తీవ్ర వాయుగుండము కాకినాడ సమీపమున తీరము దాటి తెలంగాణముపైకి వచ్చెను. ఆ రాత్రి కుండపోతకు గగన్‌పహాడు వద్ద అప్పచెరువు తెగి, నీరు బెంగుళూరు రహదారిపై పారి ప్రాణనష్టము కలిగెను. వాయుగుండము నడకను శాస్త్రము లెక్కగట్టగలదు. ఏ యూరి చెరువుకట్ట బలహీనమో, ఏ అలుగు పూడినదో అది చెప్పజాలదు. ఆ సంగతి ఊరివారికే తెలియవలెను. వాన ముందు కట్టను చూచుట సూచనలో మన వంతు.

సభ్యులు చేయదగినది

ఒక సెంటీమీటరు వాన యనగా ఎకరమునకు సుమారు 40 వేల లీటర్ల నీరు. వినుటకు ఎక్కువగ నున్నను మొదటి జల్లు కాగిన నేలలో పైపైననే యింకిపోవును. తేలిక నేలలందు 50 నుండి 60, బరువు నేలలందు 60 నుండి 75 మిల్లీమీటర్ల వాన పడినపిమ్మటనే పత్తి విత్తుమని వ్యవసాయ శాస్త్రజ్ఞుల సలహా. తొందరపడి విత్తిన గింజ మొలకెత్తి మాడినచో మరల విత్తవలెను. విత్తనపు అప్పు రెండింతలగును, పంట ఒక్కటియే.

రాజేంద్రనగరపు వ్యవసాయ విశ్వవిద్యాలయమునుండి మంగళ, శుక్రవారములందు వెలువడు సలహాను ప్రతి గ్రామమున ఒకరు చదివి వినిపింపవలెను. భారీ వర్ష సూచన యున్న దినమున యూరియా చల్లరాదు, మందు కొట్టరాదు. ఉరుము వినబడినప్పుడు చెట్టు క్రింద నిలువరాదు.

కడపట నొక మనవి. గ్రామమున కొక వర్షమాపకమును చెట్లకు, గోడలకు దూరముగ నిలిపి, ప్రతి ఉదయము 8.30 గంటలకు కొలిచి చిట్టాలో వ్రాయుడు. సూచన ఒకవైపున, పడిన వాన రెండవవైపున వ్రాసినచో ఏ సూచనను ఎంత నమ్మవచ్చునో రెండు మూడేండ్లలో మీకే బోధపడును. అట్టి చిట్టా కల గ్రామములవారు దానిని సంఘ సమావేశమునకు తీసికొని రాగోరుచున్నాము.