తూకం చెప్పని బరువు: క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందు పోషణ పరీక్ష

అండాశయ క్యాన్సర్ ఉన్న మహిళ బరువు మూడు నెలలుగా మారలేదనుకుందాం. ఆమె పోషణ బాగుందని చెప్పగలమా? చెప్పలేం. ఈ క్యాన్సర్ ముదిరినప్పుడు చాలామందికి పొట్టలో నీరు చేరుతుంది. లీటరు నీరు దాదాపు కిలో తూగుతుంది. ఒంట్లో కండ, కొవ్వు కలిపి 5 కిలోలు కరిగి, 5 లీటర్ల నీరు చేరితే తూకంలో అంకె కదలదు.

ఆపరేషన్ తర్వాత గాయం మానడానికి, ఇన్ఫెక్షన్‌ను ఎదుర్కోవడానికి శరీరానికి ప్రోటీన్ కావాలి. నిల్వలు లేకపోతే గాయం ఆలస్యంగా మానుతుంది, ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉండాల్సి వస్తుంది, తర్వాతి కీమోథెరపీ వెనకబడుతుంది. అందుకే ముందే పోషకాహార లోపాన్ని గుర్తించాలి.

బ్రిటన్‌లో రూపొందిన 'మస్ట్' అనే పరీక్షలో బీఎంఐ 18.5 కంటే తక్కువైతే 2 మార్కులు. 3 నుంచి 6 నెలల్లో ప్రయత్నించకుండానే బరువు 10 శాతానికి మించి తగ్గినా 2 మార్కులే. మొత్తం 2 వచ్చినా ముప్పు ఎక్కువని అర్థం.

ఇప్పుడు ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లాలోని జగర్గుండా వైపు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆ రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో 23.1 శాతం మంది బీఎంఐ 18.5 లోపే ఉంది. దేశ సగటు 18.7 శాతం. అంటే క్యాన్సర్ రాకముందే చాలామంది నిల్వలు తక్కువ. జబ్బు వల్ల ఎంత చిక్కారో తెలియాలంటే పాత బరువు కావాలి. మారుమూల ఊళ్లలో అది రాసి ఉండకపోవచ్చు. అప్పుడు అడగాల్సినవి: గాజులు వదులయ్యాయా? జాకెట్ చేతులు వదులయ్యాయా? తినే అన్నం సగానికి తగ్గిందా?

దర్జీ టేపు కూడా ఉపయోగపడుతుంది. ఎడమ భుజం కొనకూ మోచేతికీ మధ్య, చేయి వదులుగా వేలాడేసి చుట్టుకొలత తీయాలి. 23.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే బీఎంఐ 20 లోపే ఉండే అవకాశం ఎక్కువ. పొట్టలో నీరు ఈ కొలతను మార్చదు.

లోపం తీవ్రంగా ఉంటే, క్యాన్సర్ ఆపరేషన్‌నైనా 7 నుంచి 14 రోజులు ఆపి పోషణ అందించాలని యూరప్ క్లినికల్ న్యూట్రిషన్ సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ వ్యవధి దొరకాలంటే ఆసుపత్రిలో చేరిన రోజు కాదు, జబ్బు నిర్ధారణైన రోజే చేతికి టేపు చుట్టాలి.